ఆ ఒక్క నిమిషంలో కండ ఏం చేస్తుంది?

2022 మే 19న ఇస్తాంబుల్‌లో ప్రపంచ మహిళా బాక్సింగ్ 52 కిలోల ఫైనల్ జరిగింది. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ థాయ్‌లాండ్‌కు చెందిన జిట్‌పాంగ్ జుటామస్‌ను 5-0తో ఓడించారు. ఆ 5-0 మనందరికీ గుర్తుంది. ఐదుగురు జడ్జీలు వేసిన మార్కులు మాత్రం చాలామంది చూసి ఉండరు. 30-27, 29-28, 29-28, 30-27, 29-28. బాక్సింగ్‌లో రౌండు గెలిచినవాళ్లకు పది, ఓడినవాళ్లకు మామూలుగా తొమ్మిది. అంటే ముగ్గురు జడ్జీలు ఒక రౌండును థాయ్ అమ్మాయికి రాశారు. అది రెండో రౌండు. తర్వాత ఒక్క నిమిషం విరామం. ఆ నిమిషం గడిచాక మూడో రౌండును ఐదుగురూ నిఖత్‌కే ఇచ్చారు.

కండరాల మీద కథనం రాయడానికి కూర్చున్నాను. పాఠ్యపుస్తకాలు ముందేసుకున్నా నా చూపు ఈ అంకెల దగ్గరే ఆగిపోయింది. చేతిలోంచి రౌండు జారిపోయిన మనిషి స్టూలు మీద కూర్చుని ఊపిరి తీసుకునే ఆ అరవై సెకన్లలో లోపల కండ ఏం చేసుకుంటుంది? ఈ ప్రశ్న వెంట పోతే భీమవరంలో పుట్టిన ఒక మహానుభావుడి దగ్గర తేలాను. ఆయనంటే నాకున్న అభిమానం దాచుకోను. అందుకే ఈ కథనంలో ఆయనకు పెద్దపీట వేస్తున్నాను.

నీలిరంగు ఆలస్యమైంది

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి, 1920లలో అమెరికా వెళ్లి, హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కె దగ్గర చేరారు. శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రచురించారు. ద్రవానికి మాలిబ్డేట్, దాంతోపాటు మరో రసాయనం కలిపితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేట్ అంత ఎక్కువన్నమాట. బయోకెమిస్ట్రీ చదివేవాళ్లకు ఇది ఇవాళ్టికీ ఫిస్కె-సుబ్బారావు పద్ధతే.

అదే పరీక్షను కండ నుంచి తీసిన ద్రవం మీద చేశారు. నీలం రావలసినంత త్వరగా రాలేదు. మెల్లమెల్లగా చిక్కబడుతూ పోయింది. రసాయనాల్లో ఏదో తేడా ఉందని పారబోసి ఉంటే కథ అక్కడితో ముగిసేది. వాళ్లు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. తేలిందేమిటంటే, కండలో ఆ ఫాస్ఫేట్ విడిగా లేదు. క్రియాటిన్ అనే పదార్థంతో జతకట్టి ఉంది. ఆ జత మహా పెళుసు, ఆమ్లం తగిలితే చాలు విడిపోతుంది. విడిపోతున్నకొద్దీ రంగు తేలుతోంది. అంతకుముందు కొలిచినవాళ్లు, పరీక్ష పూర్తయ్యేలోగానే అది విరిగిపోవడంతో, దాన్ని మామూలు ఫాస్ఫేట్ కిందే జమకట్టారు.

1927 ఏప్రిల్ 22 నాటి ‘సైన్స్’ పత్రికలో ఈ సంగతి అచ్చయింది. మొత్తం మూడు పేజీలు, 401 నుంచి 403 దాకా. అందులోని అసలు విషయం ఇది: కండతో పని చేయిస్తే ఈ పదార్థం విరిగిపోతుంది, విశ్రాంతి ఇస్తే మళ్లీ తయారవుతుంది. దానికి మనం ఇప్పుడు పెట్టుకున్న పేరు ఫాస్ఫోక్రియాటిన్. అదే ఏడాది ఇంగ్లండ్‌లో ఎగుల్టన్ దంపతులు కూడా విడిగా దీన్ని గమనించారు. రెండేళ్ల తర్వాత, 1929లో, ఫిస్కె, సుబ్బారావులు కండ పనికి శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని కూడా కండలోంచి బయటికి తీశారు. జర్మనీలో లోమన్ కూడా అదే ఏడాది దాన్ని పట్టుకున్నారు.

ఇది ఎంత పెద్ద మార్పో చెప్పాలి. కండను కదిలించేది లాక్టిక్ ఆమ్లమేనని అప్పట్లో గట్టి నమ్మకం. కండల మీద పనికి హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఫాస్ఫోక్రియాటిన్ బయటపడ్డాక ఆ నమ్మకానికి బీటలు పడ్డాయి. 1930లో డెన్మార్క్ శాస్త్రవేత్త లుండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా ఆపేసినా కండ ముడుచుకోగలదని చూపించారు. అంత కథకు దారి తీసిన మనిషి మన భీమవరం వాడని జిమ్ముల్లో క్రియాటిన్ డబ్బాలు కొంటున్న పిల్లల్లో ఎందరికి తెలుసు?

పిడికిలి వెనక

కండకు లాగడం ఒక్కటే తెలుసు, నెట్టడం రాదు. ఎదుటివాళ్ల మీదికి దూసుకెళ్లే పిడిగుద్దు కూడా లోపల ఎన్నో లాగుళ్ల కూడికే. పాదం నేలను తన్నడంతో మొదలై పిక్క, తొడ, నడుము మీదుగా భుజానికి చేరుతుంది. మోచేతిని చాపేది చెయ్యి వెనకవైపు కండ. పక్కటెముకల మీద రంపం పళ్లలా అతుక్కుని ఉండే మరో కండ భుజపు రెక్కను ముందుకు లాగుతుంది. వైద్య విద్యార్థులు దానికి బాక్సర్ కండ అనే పేరు కూడా నేర్చుకుంటారు. భుజం కీలును గూటిలో నిలిపి ఉంచేవి నాలుగు చిన్న కండలు. 2017లో నిఖత్ భుజం జారి, శస్త్రచికిత్స జరిగి, చాలాకాలం రింగుకు దూరం కావలసివచ్చింది. పెద్ద కండల బలం ఎంతున్నా ఆ గూడు చెదిరితే గుద్దు లేదు.

ఇంకా లోపలికి వెళ్దాం. కండలో పోగులు, పోగులో సన్నని తంతువులు, తంతువు పొడవునా మిల్లీమీటరులో ఐదువందల వంతు ఉండే గదులు. ఒక్కో గదిలో ఆక్టిన్, మయోసిన్ అనే ప్రొటీన్ల పోచలు, రెండు చేతుల వేళ్లు ఒకదాని సందుల్లో ఒకటి దూర్చినట్టు అమరి ఉంటాయి. నరం నుంచి కబురు అందగానే లోపల కాల్షియం విడుదలవుతుంది, మయోసిన్ తలలు ఆక్టిన్‌ను పట్టుకుని లాగుతాయి. పోచలు పొట్టివి కావు, ఒకదానిలోకి ఒకటి జరుగుతాయి. పట్టు వదలాలన్నా ఏటీపీ కావాలి. చనిపోయిన మనిషి ఒళ్లు బిగుసుకుపోయేది అందుకే.

ఈ ఏటీపీ నిల్వ గట్టిగా పనిచేసే కండలో రెండు మూడు సెకన్లకు సరిపోతుంది. అయిపోతున్నకొద్దీ ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేట్‌ను ఇచ్చి నింపుతుంది. అది పూర్తి జోరులో పది సెకన్ల ముచ్చట. తర్వాత కండలో దాచిన చక్కెర, ఊపిరితో వచ్చే ఆక్సిజన్ భారం మోయాలి. మూడు నిమిషాల రౌండులో గుద్దుల వాన కురిసేది కొన్ని సెకన్లపాటే. మిగతా సమయమంతా అడుగులు, తప్పించుకోవడం, కాచుకోవడం. స్టూలు మీద కూర్చున్నప్పుడు రక్తం ఆక్సిజన్‌ను తెస్తుంది, ఫాస్ఫోక్రియాటిన్ మళ్లీ కూడుతుంది. సుమారు అర నిమిషంలో సగం దాకా నిండుతుంది. పూర్తిగా నిండాలంటే మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది. ఆ నిమిషంలో ఎవరి కండ ఎక్కువ నింపుకుంటే చివరి రౌండులో వాళ్ల చేతికి అంత వేగం మిగులుతుంది. ఆ వేగం ఏళ్ల తరబడి చేసిన పరుగులోంచి వస్తుంది. నిఖత్ నిజామాబాద్‌లో పరుగు పందేలతో మొదలుపెట్టి బాక్సింగ్‌కు వచ్చిన అమ్మాయని మరిచిపోవద్దు.

కండ పరిశోధన చరిత్ర కాస్త తొందరగా చెప్పేస్తాను. 18వ శతాబ్దంలో గాల్వానీ కప్ప కాలును విద్యుత్తుతో అదిరించారు. 19వ శతాబ్దంలో సూక్ష్మదర్శిని కింద కండ పోగుల చారలను నిశితంగా పరిశీలించారు. 1940లలో హంగరీలో సెంట్ జార్జి ప్రయోగశాలలో ఆక్టిన్ దొరికింది. 1954లో ‘నేచర్’ ఒకే సంచికలో రెండు బృందాలు పోచల జారుడు సిద్ధాంతాన్ని అచ్చువేశాయి. రెండింటిలోనూ హక్స్‌లీ ఇంటిపేరున్నవారు ఉన్నారు, బంధువులు మాత్రం కారు.

చక్కెర ఎక్కువగా నిలిచేది కండలోనే

నిజామాబాద్ జిల్లా బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం 1937లో వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. 2015లో మూతపడింది. ఆ చుట్టుపక్కల చెరకును మొదలుకంటా వంగి నరికిన కూలీల నడుములే ఆ పేరును మోశాయి.

కండ లోపలా ఒక చక్కెర నిల్వ ఉంది. మనం తిన్న తీపి, అన్నం, జొన్నరొట్టె చివరికి గ్లూకోజ్‌గా మారి, కొంత కండలో గ్లైకోజెన్‌గా నిల్వ ఉంటుంది. పెద్దవాళ్ల కండలన్నిటిలో కలిపి సుమారు 400 గ్రాములు. కాలేయం తన నిల్వను రక్తంలోకి వదిలి ఒళ్లంతటికీ పంచుతుంది. కండ అలా వదలలేదు, అందుకు కావలసిన ఎంజైము దానికి లేదు. తన చక్కెర తన పనికే. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి.

బీడీ చాట ముందు

నిజామాబాద్ జిల్లాలో కండకు అసలు పరీక్ష రింగులో కాదు, ఇంటి అరుగు మీద జరుగుతోంది. ఒళ్లో చాట పెట్టుకుని, మెడ వంచి, గంటల తరబడి బీడీలు చుట్టే ఆడవాళ్ల మెడ, భుజం కండలు పెద్ద బరువేమీ ఎత్తవు. కానీ వదలకుండా బిగిసే ఉంటాయి. బిగిసిన కండ తన రక్తనాళాలను తానే నొక్కేస్తుంది. రక్తం సరిగా ఆడకపోతే ఫాస్ఫోక్రియాటిన్ మళ్లీ కూడదు. అరగంటకోసారి లేచి చేతులు చాపమని డాక్టర్లు చెబుతారు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి కట్టే పనిలో లేవడమంటే కూలి పోగొట్టుకోవడమే. నొప్పి తప్పు ఆ తల్లులది కాదు, ఆ లెక్కది.

కండలు మూడు రకాలు

ఇంతదాకా చెప్పుకున్నవన్నీ ఎముకలకు అంటుకున్న కండలు, ఇవి ఆరువందలకు పైగా. శరీరం బరువులో సుమారు 30 నుంచి 40 శాతం ఇవే. మన మాట వినేవీ ఇవే. పేగులు, రక్తనాళాలు, గర్భసంచి గోడల్లో ఉండేవి చారలు లేని నునుపు కండలు. మూడోది గుండె కండ. రోజుకు లక్షసార్లు ముడుచుకుంటుంది, రెండు కొట్టుకోవడాల నడుమ దొరికే క్షణమే దానికి విశ్రాంతి.

తూకం యంత్రం దగ్గర

పారిస్ ఒలింపిక్స్‌లో 2024 ఆగస్టు 1న నిఖత్ 50 కిలోల పోటీలో చైనా బాక్సర్ వూ యూ చేతిలో 0-5తో ఓడిపోయారు. బరువు కోసం రెండు రోజులు తిండి, నీళ్లు మానేశానని, కోలుకునే సమయం దొరకలేదని ఆ తర్వాత ఆమే చెప్పారు. ఎదురుగా ఉన్నది టాప్ సీడ్, అదీ నిజమే. ఓటమి అంతా ఆకలి మీదికి నెట్టను. కానీ కండ శాస్త్రం చెప్పేది స్పష్టంగా ఉంది. రెండు రోజుల్లో దిగే బరువులో ఎక్కువ భాగం కొవ్వు కాదు. కండలో నాలుగింట మూడు వంతులు నీరే. ముందు పోయేది ఆ నీరు, గ్లైకోజెన్, దాన్ని పట్టుకున్న మూడింతల నీరు. నీళ్లు తాగితే కొన్ని గంటల్లో కొంత తిరిగి వస్తుంది. గ్లైకోజెన్ నిండాలంటే ఒక రోజు పడుతుంది. ఒలింపిక్ బాక్సింగ్‌లో తూకం పోటీ రోజు పొద్దున్నే.

నిఖత్‌ను చూసి నిజామాబాద్, బోధన్ ఊళ్లలో ఆడపిల్లలు గ్లవ్స్ కట్టుకుంటున్నారు. వాళ్ల కోచ్‌లకు, హాస్టల్ వార్డెన్లకు, అమ్మానాన్నలకు ఒక్క మనవి. ఎదిగే పిల్ల బరువు తగ్గాలంటే వారాల ముందే తిండి సరిచేయండి, లేదా పై కేటగిరీలో దించండి. తూకం ముందు రోజు నీళ్లు మాత్రం ఆపకండి.