ఒకే ఒక్కసారి పెట్టే పరీక్ష



మా సంఘములో కూలి పని చేసుకొనే ఒక తల్లికి ఒక్కడే కొడుకు. ఇంటర్మీడియట్ చదువుతూ నేషనల్ డిఫెన్స్ అకాడమీ వ్రాతపరీక్షలో నెగ్గాడు. వైమానిక దళములో పైలట్ కావాలని వాని ఆశ. ఎంపిక పరీక్షలకు పిలుపు వచ్చిన ఆదివారము నేను ప్రసంగ వేదిక మీదనుండి, "మన బాబు పైలట్ అయిపోయాడని నమ్మండి" అని ప్రకటించాను. సంఘమంతా చప్పట్లు కొట్టింది. రైలెక్కే ముందు రాత్రి వాని కొరకు తెల్లవార్లూ ప్రార్థన పెట్టించాను. బాబును కూడ నిద్రపోనివ్వలేదు.

తక్కిన పరీక్షలన్నిటిలో నిలిచి, పైలట్ సామర్థ్యమును చూచే యంత్ర పరీక్షలో తప్పిపోయాడు. ఆ పరీక్ష జీవితములో ఒక్కసారే. మూడు నెలలు వాడు మందిరపు గడప త్రొక్కలేదు. తల్లి వచ్చి, "అయ్యగారూ, మా బాబును దేవుడే వద్దన్నాడా?" అని అడిగింది.

ఆ దినమున నా వద్ద జవాబు లేదు. అసలు ఆ పరీక్ష ఏమిటో కూడ నాకు తెలియదు. తెలియని సంగతిని దేవుని పేరట ప్రకటించాను. తరువాత తెలుసుకొన్నది మన బిడ్డల కొరకు ఇక్కడ వ్రాస్తున్నాను.

దారి ఎటువంటిది?

లక్షలు పోసి ఫ్లయింగ్ స్కూలుకు పంపలేని మన పల్లె కుటుంబములకు వైమానిక దళము ఒక మంచి దారి. శిక్షణ ఖర్చు ప్రభుత్వమే భరిస్తుంది. ఇంటర్‌లో గణితము, భౌతిక శాస్త్రము తప్పనిసరి. యు.పి.ఎస్.సి. ఏటా రెండుసార్లు ఎన్.డి.ఏ. పరీక్ష జరుపుతుంది. వ్రాతపరీక్షకు 900 మార్కులు: గణితమునకు 300, సామాన్య సామర్థ్యమునకు 600. ఎంపిక బోర్డు ఎదుట మరో 900. 2022 నుండి అకాడమీలో ఆడపిల్లలను కూడ చేర్చుకొంటున్నారు. డిగ్రీ అయినవారికి ఎ.ఎఫ్.క్యాట్ అనే వేరొక పరీక్ష ఉన్నది.

వైమానిక దళపు ఎంపిక బోర్డులు మైసూరు, డెహ్రాడూన్, వారణాసి మొదలైన చోట్ల ఉన్నవి. మొదటి రోజు వడపోత. అందులో తప్పినవారు ఆ రోజే తిరుగు ప్రయాణము కట్టాలి. నిలిచినవారికి మనస్తత్వ పరీక్షలు, మైదానములో బృంద పరీక్షలు, ముఖాముఖి ఉంటాయి. పైలట్ శాఖ కోరినవారికి వీటితో పాటు కంప్యూటరైజ్డ్ పైలట్ సెలక్షన్ సిస్టమ్ అనే పరీక్ష ఉంటుంది. పూర్వము పి.ఎ.బి.టి. అనబడిన దాని స్థానములో వచ్చినది ఇదే.

ఎన్.డి.ఏ. ద్వారా గెలిచినవారు పూణే దగ్గర ఖడక్‌వాస్లాలో మూడేండ్లు చదివి, పిమ్మట మన హైదరాబాదు ప్రక్కనున్న దుండిగల్ అకాడమీకి వస్తారు. మన దేశపు తొలి మహిళా యుద్ధవిమాన పైలట్లు అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ 2016 జూన్ 18న అధికారులుగా నియమింపబడినది ఈ దుండిగల్‌లోనే.

ఆ యంత్రము ఏమి చూస్తుంది?

విమానములో ఎత్తును, వేగమును, దిక్కును చూపే మీటర్లను త్వరగా, తప్పు లేకుండ చదువగలడా అన్నది ఒకటి. తెర మీద కదిలే గుర్తును చేతిలోని కడ్డీతో, పాదముల క్రింది పెడళ్లతో అదుపులో ఉంచగలడా అన్నది మరొకటి. కన్ను, చెయ్యి, కాలు ఒకేసారి వేర్వేరు పనులు చేయాలి. ఇది తెలివిని గాని, కష్టపడే గుణమును గాని, భక్తిని గాని తూచే త్రాసు కాదు. ఇందులో తప్పినవానికి మూసుకొనేది ఆ ఎగిరే శాఖ ఒక్కటే. నేల మీది శాఖలు, సాంకేతిక శాఖ తెరచియే ఉంటాయి.

ఇంటివారు చేయవలసినవి

మొదటిది, శరీర కొలతలు ముందే చూచుకోండి. పైలట్ శాఖకు కనీసము 162.5 సెంటీమీటర్ల ఎత్తు కావాలి. కాళ్ల పొడవుకు కూడ కొలత ఉన్నది. కంటి వైద్యుని వద్ద రంగులు గుర్తించే పరీక్ష చేయించండి. ఏండ్ల తరబడి ఆశపడి చివరకు తెలుసుకొనేకంటె తొమ్మిదవ తరగతిలోనే తెలుసుకొనుట మేలు.

రెండవది, విమానపు మీటర్ల బొమ్మలు సంపాదించి, ఏ ముల్లు ఏమి చెప్పునో నేర్చుకోనివ్వండి. అమ్మ కుట్టుమిషను త్రొక్కుతూ గుడ్డను సూటిగా నడుపుట, మందిరములో డ్రమ్ములు వాయించుట కూడ చేతికి, కాలికి పొందిక నేర్పుతాయి. ఇవి చేస్తే గెలుపు ఖాయమని కాదు, కంగారు తగ్గుతుంది. ఈ పరీక్షలో తప్పక గెలిపిస్తామని వేలు అడిగేవారిని నమ్మి పొలము తాకట్టు పెట్టవద్దు.

మూడవది, సూచనలను శ్రద్ధగా వినే అలవాటు చేయించండి. బృంద చర్చలో నోరు విప్పగలుగునట్లు ఇంటిలో, యౌవనస్థుల కూటములో ఇంగ్లీషు మాట్లాడనివ్వండి.

నాలుగవది, నా తప్పు మీరు చేయవద్దు. పరీక్షకు ముందు బిడ్డను నిద్రపోనివ్వండి. బదరీ వృక్షము క్రింద అలసి సొలసిన ఏలీయాకు దూత మొదట పెట్టినది రొట్టె, నీళ్లు. తిని మరల పండుకొన్న ఆయనను గద్దించలేదు. ప్రార్థన మనము చేద్దాము, బిడ్డ పండుకోనివ్వండి.

గిద్యోను ఇంటికి పంపినవారు

న్యాయాధిపతుల గ్రంథము 7వ అధ్యాయము తీసి చూడండి. భయపడినవారు 22,000 మంది వెళ్లిపోగా 10,000 మంది మిగిలారు. నీళ్లయొద్ద పరీక్షలో 300 మంది నిలిచారు. తక్కిన 9,700 మంది పిరికివారు కారు, పాపము చేసినవారును కారు. ఆ రాత్రి పనికి వారు ఏర్పరచబడలేదు, అంతే. అదే అధ్యాయము చివర మిద్యానీయులను తరుముటకు నఫ్తాలి, ఆషేరు, మనష్షే గోత్రములవారు మరల పిలువబడ్డారు. మొదట గిద్యోను వెంట వచ్చిన గోత్రములలోనివే ఇవి కదా!

ఈ మాట ఆ తల్లికి చెప్పడానికి వాళ్ల ఇంటికి వెళ్లాను. బాబు గుమ్మములోనే కూర్చున్నాడు. ముందుగా వానిని క్షమించమని అడిగాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత లేచి నాకు కుర్చీ వేశాడు.

ఇప్పుడు వాడు డిగ్రీ ముగించి, నేల మీది శాఖ కొరకు ఎ.ఎఫ్.క్యాట్ వ్రాశాడు. ఫలితము ఇంకా రాలేదు. సంఘమంతా ప్రార్థిస్తున్నాము. ఈసారి నేనేమీ ముందుగా ప్రకటించలేదు.