వానాకాలానికి పాత గేరు సైకిలు

మన వీధుల్లో చాలా ఇళ్ల మెట్ల కింద ఒక గేరు సైకిలు దుమ్ము పట్టి ఉంటుంది. అబ్బాయికి మోటారు సైకిలు వచ్చాక దాన్ని ఎవరూ ముట్టరు. అలాంటివి సొసైటీకి ఇచ్చినవారికి అల్లాహ్ మంచి ప్రతిఫలం ఇవ్వుగాక. అయితే కడిగి, గాలి కొట్టి ఎవరికో ఇచ్చేస్తే సరిపోదు. జూన్ నుంచి ఒక పిల్లో పిల్లవాడో తడి రోడ్డు మీద బడికి తొక్కాల్సిన బండి అది.

అందుకే ముందు బ్రేకులు చూస్తాం. తడిసిన రిమ్ము మీద బ్రేకు రబ్బరు మొదట జారుతుంది. నీటి పొర తుడుచుకుపోయాకే పట్టు దొరుకుతుంది. ఇనుప రిమ్ము అయితే మరీ ఆలస్యం. అరిగిన రబ్బర్లు, తుప్పు పట్టిన కేబుళ్లు మొహమాటం లేకుండా మార్చేస్తాం.

గుబ్బల టైర్లు మట్టిదారికి మంచివే గాని తారు రోడ్డు మీద కాళ్లు లాగేస్తాయి. నున్నటివి వేయాలి. ఇక్కడే ఒక చిక్కు ఉంది. దుకాణంలో ఊరికే "26" అంటే మామూలు సైకిలు టైరు చేతిలో పెట్టవచ్చు. 26 × 1 3/8 టైరు 590 మి.మీ. రిమ్ముది. పాత గేరు సైకిలు రిమ్ము 559. టైరు పక్కన ఆ అంకె చూసే కొనాలి.

నిండు మడ్‌గార్డులు లేకపోతే బురద యూనిఫారం వీపు మీద గీత గీస్తుంది. ముందు మడ్‌గార్డు చివర పాత ట్యూబు ముక్క వేలాడదీస్తే చెప్పులూ చైనూ శుభ్రంగా ఉంటాయి. ఆడపిల్లల సైకిలుకు వెనక చక్రం మీద జాలీ తప్పనిసరి. బురఖా అంచో దుపట్టానో పుల్లల్లో పడితే ఏమవుతుందో వేరే చెప్పాలా! దీని దగ్గర మాత్రం ఖర్చు చూడం.

చదునైన ఊరికి ఒక్క గేరు చాలు. వెనక గేరు మీటను పూర్తిగా తీసేస్తే చాలా ఫ్రేముల్లో చైను వదులై జారిపోతుంది. దాన్ని ఉంచి, మధ్య పళ్లచక్రం దగ్గర కేబులు బిగించేస్తాం. పాత ఇంజినాయిలు పోయవద్దు, ఇసుకను పట్టేస్తుంది. ఆరిన చైనుకు లింకుకో చుక్క నూనె వేసి, పైన మిగిలింది గుడ్డతో తుడవాలి. తడి టైరు మీద డైనమో జారుతుంది కాబట్టి ముందు బ్యాటరీ లైటు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు పెడుతున్నాం.

విడిభాగాలకూ మేస్త్రీ కూలికీ సదఖా సొమ్మే వాడుతున్నాం. జకాత్ ఖాతా వేరు. సైకిళ్లు ఏప్రిల్, మే నెలల్లోనే అందితే, ఇన్షా అల్లాహ్, వానలకు ముందే పని పూర్తవుతుంది. ఫ్రేము బీటపడినవి, ఫోర్కు వంగినవి మాత్రం వద్దు. వాటిని పాత ఇనుముకు వేసి, ఆ డబ్బు పంపండి.