లక్ష్మాగౌడ్ గారి మేకలు

మన తెలుగు చిత్రకారుల్లో కె. లక్ష్మాగౌడ్ గారు ఒకరు. 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్ అనే పల్లెలో పుట్టారు. హైదరాబాదులో బొమ్మలు నేర్చుకుని, 1963లో పైచదువుకి బరోడా వెళ్లారు. అక్కడ కె.జి. సుబ్రమణ్యన్ గారు ఆయనకి గురువు. ఊరు వదిలి అంత దూరం పోయినా ఆయన బొమ్మల్లో ఊరే ఉంది. మేకలు, చెట్లు, పచ్చబొట్లున్న ఆడవాళ్లు.

ఆయనకి పేరు తెచ్చింది ఎచింగ్. అదెట్లాగంటే, రాగి రేకుకో జింకు రేకుకో మైనం లాంటి పూత పూస్తారు. దాని మీద సూదితో గీస్తారు. యాసిడ్‌లో పెడితే గీత పడ్డచోట మాత్రమే రేకుని తినేస్తుంది. ఆ గాట్లలో సిరా నింపి, పైన తుడిచేసి, తడి కాగితం పెట్టి మిషన్లో గట్టిగా నొక్కితే బొమ్మ దిగుతుంది, కుడి ఎడమలు తారుమారై. ఒక్క రేకుతో చాలా కాపీలు తీయొచ్చు.

నాకైతే ఇది పచ్చబొట్టు పొడిచినట్టే అనిపించింది. మా అవ్వ చేతుల మీద ఉన్నవీ సూదితో వేసినవే. హాస్టలుకి వచ్చినప్పుడు ఆమె కొంగుతో చేతులు కప్పుకుంటుంది, ఎవరన్నా నవ్వుతారని. అలాంటి చేతులే గీసిన ఆయనకి 2016లో పద్మశ్రీ ఇచ్చారు.

మనం డ్రాయింగు పీరియడ్లో ఏం వేస్తాం? రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, పక్కన కొబ్బరిచెట్టు. మన రాజుపాలెం చుట్టూ చూస్తే మిరప చేలు, పత్తి చేలు! వచ్చే గోడపత్రికకి బొమ్మలు కావాలని మేడమ్ అడిగారు. నేను మా తండాలో మేకలదొడ్డి వేస్తున్నాను. మీ ఊళ్లోది మీరు వేసి శనివారం లోపు ఇవ్వండి.