మూతబడ్డ ఫ్యాక్టరీలో సూదీ దారం

జపాను, కొరియా, తైవాన్ అనగానే మన మిత్రులకు సెల్‌ఫోన్లో, యుద్ధాలో గుర్తుకొస్తాయి. నాకు మాత్రం ఈ మధ్య చెరుకు కాటా గుర్తుకొస్తోంది. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

మాది ముప్కాల్. పసుపు, మక్క, వరి పండిస్తాం. అమ్మ పుట్టిల్లు బోధన్ వైపు, నిజాంసాగర్ కాలువ కింద. అక్కడ మా తాత ముప్పయ్యేళ్లు చెరుకు వేసినాడు. 1937లో నిజాం కాలంలో స్థాపించిన బోధన్ శక్కర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతబడిన సంగతి మనందరికీ తెలిసిందే. తాత చెరుకు ఏ ఫ్యాక్టరీకి పోయేదో ఇక్కడ అనవసరం గానీ, ఆయన మాట ఒకటి చెప్తాను: "కాటా ఎక్కినంక చెరుకు మనది గాదు బిడ్డా."

రసాయన శాస్త్రం చదివేదాన్ని కాబట్టి దీనికి కారణం నాకు తెలుసు. కోసిన చెరుకును నిలువ పెడితే సుక్రోజు విడిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజులుగా మారుతుంది. నీరింకి తూకమూ తగ్గుతుంది. ఒకటి రెండు రోజుల్లో గానుగ పడకపోతే రైతుకు నష్టం. వడ్ల మాదిరి ఇంట్లో పోసుకుని ధర కోసం చూసే వీలులేదు. అందుకే బేరంలో ఫ్యాక్టరీదే పైచేయి.

1895లో తైవాన్‌ను ఆక్రమించుకున్న జపానుకు ఈ కిటుకు బాగా తెలుసు. 1900లో పెద్ద చక్కెర కంపెనీ పెట్టించింది. 1905లో, ఏ ప్రాంతపు చెరుకు ఆ ప్రాంతపు ఫ్యాక్టరీకే అమ్మాలని కట్టడి చేసింది. లోకంలో మొదటి మూర్ఖుడెవడంటే చెరుకు వేసి కంపెనీ చేత తూకం వేయించుకునేవాడని అక్కడి రైతుల సామెత. 1925లో ఎర్లిన్ అనే చోట కోతకు ముందే ధర చెప్పమని రైతులు అడ్డం తిరిగారు. అది జైళ్లతో ముగిసింది. (ఈ సామెత విని తాత చాలాసేపు నవ్వాడు.)

జపాను 1945లో వెళ్లిపోయింది. కానీ కాటా మరో రూపంలో మిగిలింది. తరువాతి దశాబ్దాలలో తైవాన్, దక్షిణ కొరియా పల్లెల ఆడపిల్లలు విదేశీ ఆర్డర్ల కోసం బట్టలు కుట్టారు. కూలి పెరగగానే పెట్టుబడి చైనాకూ, ఆగ్నేయాసియాకూ తరలిపోయింది. ఈ కథను పుస్తకాల కంటే సూటిగా చెప్పినవారు అక్కడి కళాకారులు.

చెన్ చియే-జెన్ తైవాన్ కళాకారుడు, 1960లో పుట్టాడు. లియెన్‌ఫు అనే బట్టల ఫ్యాక్టరీ 1996లో మూతబడింది. ఇరవయ్యేళ్లకు పైగా పనిచేసిన ఆడవాళ్లకు కూడా పింఛను, పరిహారం చేతికి రాలేదు. ఏడేళ్ల తరువాత, 2003లో, చెన్ వాళ్లను అదే భవనంలోకి తీసుకుపోయి 'ఫ్యాక్టరీ' అనే చిత్రం తీశాడు. ముప్పయ్యొక్క నిమిషాలు, ఒక్క మాట ఉండదు. వాళ్లు మాట్లాడదలచుకోలేదు, ఆయన మాట్లాడించలేదు. ధూళి పట్టిన కుర్చీలు, మిషన్లు, మధ్యమధ్య పాతకాలపు ప్రభుత్వ ప్రచార చిత్రాల ముక్కలు. ఒక చోట వయసు మళ్లిన స్త్రీ సూదిలోకి దారం ఎక్కించబోతుంది. చూపు ఆనదు. మళ్లీ ప్రయత్నిస్తుంది, మళ్లీ. మన జిల్లాలో బీడీలకు దారం చుట్టే అమ్మల వేళ్లు చూసినవారికి ఈ దృశ్యం విడమరచి చెప్పనక్కరలేదు. మూతబడ్డ ఫ్యాక్టరీలో ఏం నష్టపోయామంటే మనం ఉద్యోగాలు లెక్కపెడతాం, టన్నులు లెక్కపెడతాం. చెన్ వేళ్లను చూపించాడు.

కొరియా కళాకారుడు ఇమ్ హుంగ్-సూన్ తల్లి స్వయంగా బట్టల ఫ్యాక్టరీలో పనిచేసినామె. ఆయన 'ఫ్యాక్టరీ కాంప్లెక్స్'కు 2015 వెనిస్ ప్రదర్శనలో రజత సింహం బహుమతి వచ్చింది. బహుమతి సంగతి అలా ఉంచితే, నాకు నచ్చింది దాని నిజాయితీ. సియోల్‌లోని గురో పారిశ్రామికవాడ ఆడవాళ్ల కష్టంతో ఆగిపోతే మంచి కన్నీటి సినిమా అయ్యేది. ఆయన కెమెరా కంబోడియాకు పోయింది. అక్కడ 2014 జనవరిలో జీతాలు పెంచమని సమ్మె చేసిన బట్టల కార్మికులపై కాల్పులు జరిగి కనీసం నలుగురు చనిపోయారు. అక్కడి ఫ్యాక్టరీ యజమానుల్లో కొరియావాళ్లూ ఉన్నారు. 1910లో జపాను కింద పడిన దేశం, శతాబ్దం తిరిగేసరికి మరొకరి కాటా పక్కన నిలబడింది. తమవాళ్ల గురించి ఇంత మాట అనడం తేలిక కాదు. మనమైతే అంటామా అని నాకు అనుమానమే.

బోధన్ మీద వార్తలు చాలా వచ్చాయి, ధర్నాల ఫొటోలు వచ్చాయి. గానుగ దగ్గర నిలబడినవాళ్ల చేతులు, రాత్రంతా వరుసలో బండ్ల కింద పడుకున్న రైతుల ముఖాలు ఎవరైనా బొమ్మ కట్టారేమో అని వెతికాను. నా కంటికి కనబడలేదు. ఆ పని తెలిసినవారంతా ఇప్పుడు మా తాత వయసువారు.

ఈ సెలవుల్లో బోధన్ వైపు పోయినప్పుడు తాత రేకు పెట్టె తెరిచాను. కాటా చీట్లు కట్టలు కట్టి ఉన్నాయి. సిరా వెలిసిపోయింది గానీ టన్నులు చదవవచ్చు. ఒక్కొక్కటీ మంచం మీద పరిచి ఫోనులో ఫొటో తీస్తుంటే తాత దగ్గరికి వచ్చి చూశాడు.

"గివ్విటికి ఇప్పుడు పైసలిస్తరా ఏంది?" అన్నాడు.