రాష్ట్రపతి భవన్ నిర్వహణ సిబ్బంది

రాష్ట్రపతి భవన్ నిర్వహణ సిబ్బంది అనగా న్యూఢిల్లీలోని భారత రాష్ట్రపతి అధికార నివాసాన్ని, దాని చుట్టూ ఉన్న 330 ఎకరాల ఆవరణను నిత్యమూ కాపాడుతూ ఉండే ఇంజనీర్లు, తాపీ మేస్త్రీలు, వడ్రంగులు, విద్యుత్తు పనివారు, పారిశుధ్య కార్మికులు, తోటమాలులు. ఈ భవనానికి రూపకల్పన చేసిన ఎడ్విన్ లుట్యెన్స్ పేరు పాఠ్యపుస్తకాలలో కనిపిస్తుంది గాని, 1929లో నిర్మాణం పూర్తయిన నాటినుండి దానిని నిలబెట్టుకుంటూ వచ్చినవారి గురించి తెలిసినవారు తక్కువ. ఇటువంటి ప్రభుత్వ భవనాలలో పని ఏడాది పొడవునా ఉండేదే. అయినా ఆ పని చేసేవారిలో అనేకులు ఏళ్ళ తరబడి దినకూలీలుగానే ఉండిపోవడం సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన వివాదం.

చరిత్ర

రాజధానిని కలకత్తా నుండి ఢిల్లీకి మారుస్తున్నట్లు 1911 డిసెంబరులో ప్రకటించిన తరువాత వైస్రాయి నివాసంగా ఈ భవనాన్ని తలపెట్టారు. 1931 జనవరిలో లార్డ్ ఇర్విన్ ఇందులో కాపురం పెట్టిన మొదటి వైస్రాయి అయ్యాడు. నాలుగు అంతస్తులు, 340 గదులు గల ఈ కట్టడానికి 70 కోట్ల ఇటుకలు, 30 లక్షల ఘనపుటడుగుల రాయి పట్టినట్లు అధికారిక వివరాలు చెబుతున్నాయి. ఇంత పెద్ద ఇంటికి పరివారం కూడా అంతే పెద్దది. వైస్రాయిల కాలంలో ఇక్కడ 418 మంది తోటమాలులు ఉండేవారనీ, వారిలో 50 మంది కేవలం పిట్టలను తోలడానికి పెట్టుకున్న బాలురనీ ఆ కాలాన్ని వర్ణించిన పుస్తకాలలో ఉన్నది. మన పల్లెల్లో జొన్నచేను మంచెమీద కూర్చుని వడిసెల తిప్పే పిల్లవాడి పనే ఇది. కాకపోతే సామ్రాజ్యపు ఖర్చుతో!

1950 జనవరి 26న భారతదేశం గణతంత్రమైన తరువాత ఇది రాష్ట్రపతి నివాసమైనది. యజమానులు మారినా కప్పు కారడం, కాలువ పూడడం, గులాబీకి చీడ పట్టడం మారలేదు గనుక నిర్వహణ ఎక్కడా ఆగలేదు.

పనుల విభజన

భవనం మరమ్మతులు, విద్యుత్తు, నీటి సరఫరా కేంద్ర ప్రజా పనుల శాఖ బాధ్యత. డల్హౌసీ కాలంలో 1854లో మొదలైన ప్రజా పనుల వ్యవస్థ నుండి వచ్చిన శాఖ ఇది. గదుల శుభ్రత, వంట, వడ్డన, అతిథుల ఏర్పాట్లు రాష్ట్రపతి గృహ నిర్వహణ విభాగం చూస్తుంది. దీని అధికారిని కంప్ట్రోలర్ అంటారు. తోటలకు ఉద్యాన సిబ్బంది వేరుగా ఉన్నారు.

ప్రజా పనుల శాఖ లెక్కల్లో మరమ్మతులు మూడు రకాలు. కుళాయి కారడం, ఫ్యూజు పోవడం వంటి ఫిర్యాదులకు చేసేవి రోజువారీ మరమ్మతులు. వెల్ల వేయడం, రంగులు వేయడం వంటివి వార్షిక మరమ్మతులు. గచ్చు మార్చడం, కప్పుకు నీరు దిగకుండా చేయడం వంటి పెద్ద పనులు ప్రత్యేక మరమ్మతులు. సాధారణ క్వార్టర్లలో ఈ విభజన సరిపోతుంది. చారిత్రక భవనంలో మాత్రం చిన్న మరమ్మతు కూడా పెద్ద తప్పుకు దారితీయవచ్చు.

రాయి, సున్నం, నీరు

భవనంలో కనిపించే ఎరుపు, లేతపసుపు రాళ్ళు ఇసుకరాళ్ళు. ఇసుకరాయికి సూక్ష్మరంధ్రాలు ఉంటాయి. అది నీటిని పీల్చి మళ్ళీ వదులుతుంది. అతుకులలో సున్నపు అడుసు ఉన్నంతకాలం ఆ తేమ అతుకుల గుండా ఆరిపోతుంది. బీటను పూడ్చడానికి త్వరగా అవుతుందని సిమెంటు పెడితే అది రాయికన్నా గట్టిగా, నీరు వదలకుండా బిగుసుకుంటుంది. అప్పుడు తేమ రాతిగుండానే బయటికి రావలసి వస్తుంది. నీటితోపాటు వచ్చిన లవణాలు రాతి పైపొర కింద స్ఫటికాలుగా మారి దానిని పెచ్చులుగా ఊడగొడతాయి. అతుకు చెక్కుచెదరదు, పక్కనున్న రాయి పాడవుతుంది! అందువలన పాత కట్టడాలలో పనిచేసే మేస్త్రీకి సున్నం నానబెట్టడం, ఇసుకతో పాలు కుదర్చడం తెలిసి ఉండాలి. సిమెంటు వచ్చిన తరువాత ఈ విద్య తెలిసినవారు దేశమంతటా తగ్గిపోయారు. ప్రజా పనుల శాఖ వారసత్వ భవనాల పరిరక్షణపై 2013లో ఒక కరదీపికను ప్రచురించింది.

వానాకాలానికి ముందు కప్పుమీది తూములు శుభ్రం చేయడం పైకి అల్పంగా కనిపించే పని. ఎండుటాకులు, పావురాల గూళ్ళు తూముకు అడ్డుపడితే నీరు నిలిచి గోడల్లోకి దిగుతుంది, లోపలి కలప పుచ్చుతుంది. పక్షుల రెట్టలద్వారా వచ్చిన రావివిత్తనం రాతి సందులో మొలిస్తే దానిని మొక్కగా ఉన్నప్పుడే వేరుతో తీయాలి. పైన తుంచివేస్తే మళ్ళీ చిగురిస్తుంది. వేరు లావెక్కితే రాళ్ళు విడిపోతాయి.

ఉద్యానవనం

భవనం వెనుక 15 ఎకరాలలో ఉన్న ప్రధాన ఉద్యానవనాన్ని లుట్యెన్స్, ఉద్యాన నిపుణుడు విలియం మస్టో కలిసి తీర్చిదిద్దారు. మొక్కలు నాటడం 1928-29లో జరిగింది. మొగల్ గార్డెన్స్ అని పిలిచిన ఈ తోటకు 2023 జనవరిలో అమృత్ ఉద్యాన్ అని పేరు మార్చారు. ఒకదానినొకటి ఖండించుకునే నీటికాలువలు, వాటి కూడళ్ళలో తామరపూవు ఆకారపు ఫౌంటెన్లు, గొడుగుల్లా కత్తిరించిన పొగడచెట్లు, 150కి పైగా గులాబీ రకాలు ఇందులో ఉన్నాయి.

సందర్శకులు చూసేది ఫిబ్రవరి, మార్చి నెలల పూలను. తోటమాలి ఏడాది మాత్రం వేసవి చివరనే మొదలవుతుంది. పచ్చికకోసం పరచిన గరికను వానలకు ముందు తీసివేసి కొత్త మట్టి పరుస్తారు. అది మళ్ళీ అల్లుకోవడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. వానలు తగ్గుముఖం పట్టగానే శీతకాలపు పూలకు నారు పోస్తారు. అక్టోబరులో గులాబీలను కత్తిరిస్తారు. విత్తడం పది రోజులు ఆలస్యమైతే పూత తేదీ తప్పుతుంది. జనం వచ్చే తేదీ మాత్రం మారదు. పూతకాలం ముగిశాక ఆ మొక్కలన్నిటినీ పీకివేస్తారు. భవనం శతాబ్దాలకోసం కట్టినది. తోటను ఏటా కొత్తగా వేసుకోవలసిందే.

దినకూలీల వివాదం

ప్రజా పనుల శాఖలో శాశ్వత ఉద్యోగులతోపాటు పనుల పద్దునుండే జీతం పొందే వర్క్‌చార్జ్‌డ్ సిబ్బంది, మస్టరురోలు మీద రోజుకూలి తీసుకునే కార్మికులు ఉండేవారు. ఒకే గోడకు ఇద్దరు ఒకే పని చేసినా, దినకూలీకి దక్కేది తక్కువ. సెలవు, పింఛను లేవు. కొన్నేళ్ళుగా ఇలా పనిచేస్తున్న ఆ శాఖ కార్మికులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. సమాన పనికి సమాన వేతనం అన్నది కోర్టుద్వారా అమలు చేయించుకోదగిన హక్కు కాదని కేంద్ర ప్రభుత్వం వాదించింది. సురీందర్ సింగ్ కేసుగా పేరొందిన ఈ వ్యాజ్యంలో 1986 జనవరిలో కోర్టు ఆ వాదాన్ని తోసిపుచ్చి, అదే పని చేసే శాశ్వత ఉద్యోగులతో సమానంగా వేతనం చెల్లించాలని తీర్పు చెప్పింది. ఆరు నెలలకు మించి ఎడతెగకుండా పనిచేసినవారిని క్రమబద్ధం చేయడానికి ప్రభుత్వం తగిన చర్య తీసుకుంటుందన్న ఆశను కూడా వ్యక్తం చేసింది. తీర్పు వ్రాసిన న్యాయమూర్తి ఓ. చిన్నప్పరెడ్డి అనంతపురం జిల్లా గుత్తికి చెందినవారు.

ఇరవై ఏళ్ళ తరువాత, 2006 ఏప్రిల్‌లో ఉమాదేవి కేసులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, నియామక నిబంధనలు పాటించకుండా చేరిన తాత్కాలిక ఉద్యోగులకు క్రమబద్ధీకరణ హక్కుగా రాదని చెప్పింది. మంజూరైన పోస్టులలో పదేళ్ళకు పైగా పనిచేసిన అర్హులకు మాత్రం ఒక్కసారికి మినహాయింపు ఇచ్చింది. దీనితో వేతనం విషయంలో గెలిచిన కార్మికుడికి ఉద్యోగ భద్రత విషయంలో దారి ఇరుకైనది. ప్రభుత్వ కార్యాలయాలలో శుభ్రత, తోటపని వంటివి కాంట్రాక్టర్లకు అప్పగించడం పెరిగిన కొద్దీ, కార్మికుడికీ ప్రభుత్వానికీ మధ్య మూడో మనిషి వచ్చి చేరాడు.

బొలారం రాష్ట్రపతి నిలయం

సికింద్రాబాదు సమీపంలోని బొలారంలో గల రాష్ట్రపతి నిలయం దక్షిణాదిలో రాష్ట్రపతి విడిది. 1860లో నిర్మించిన ఈ ఒకే అంతస్తు భవనానికి సుమారు 90 ఎకరాల ఆవరణ ఉన్నది. ఢిల్లీ భవనంలో ఇల్లు ఎప్పుడూ నిండుగా ఉంటుంది. ఇక్కడ అలా కాదు. రాష్ట్రపతి ఉండేది ఏడాదిలో కొద్ది రోజులు. వాడని ఇంటిని చెడిపోకుండా ఉంచడం ఇక్కడి సిబ్బందికి అసలు పరీక్ష. మూసిన గదులకు చెమ్మ, చెదలు త్వరగా పడతాయని పాత ఇంట్లో ఉన్నవారెవరైనా చెప్పగలరు. వంటశాలను ప్రధాన భవనంతో కలిపే సొరంగ మార్గాన్ని బాగుచేసి, గోడలమీద చేర్యాల చిత్రాలు వేయించారు. పాత మెట్లబావిని కూడా పునరుద్ధరించారు. 2023 మార్చి 22న నిలయాన్ని ఏడాది పొడవునా ప్రజల సందర్శనకు తెరిచారు. అప్పటినుండి రాష్ట్రపతి రాకకు ముందు చేసే ఏర్పాట్లతోపాటు, రోజూ వచ్చే సందర్శకుల తాకిడినుండి పాత గచ్చును, పచ్చికను కాపాడడం కూడా సిబ్బంది పనిలో చేరింది.