మోచేయి సర్జరీ అయితే పిచర్ రేటు పడిపోతుందా? కుమార్ రాకర్ కెరీర్ ఏం చెబుతోందంటే..

కళింగపట్నం: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి అమెరికా వెళ్లి స్థిరపడ్డ ఇళ్లలో బేస్‌బాల్ గ్లవ్ తొడుక్కున్న పిల్లలు ఇప్పుడు తక్కువేం లేరు. అక్కడ మనవడు స్కూల్ టీమ్‌లో పిచర్ అని ఇక్కడ తాతయ్య గర్వంగా చెప్పుకుంటారు. అదే మనవడికి "మోచేయి ఆపరేషన్ అట" అని ఫోన్ వస్తే మాత్రం ఇంటిల్లిపాదికీ కంగారు. చేయి పోయినట్టేనా? ఆట అయిపోయినట్టేనా?

అయిపోనక్కర్లేదు. కానీ చేయి బాగవడం వేరు, ఆ చేతికి మార్కెట్‌లో పాత రేటు రావడం వేరు. ఈ తేడా తెలియాలంటే భారతీయ మూలాలున్న కుమార్ రాకర్ కెరీర్ చూడాలి. దానికంటే ముందు అసలు మోచేతిలో ఏం తెగుతుందో తెలియాలి.

వల విసిరినట్టే.. కానీ వంద సార్లు

కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసే చోట చేత్తో వల విసిరేవాళ్లను గమనించండి. బలం చేతిలోంచి రాదు. కాళ్లు ఇసుకలో దిగేసి, నడుం తిప్పి, భుజం మీదుగా వదులుతారు. చేయి చివర్లో దారి చూపిస్తుందంతే. పిచర్ చేసేదీ ఇదే. పాదం, నడుం, భుజం, మోచేయి, వేళ్లు.. బలం ఈ వరుసలో బంతిలోకి వెళ్తుంది.

తేడా వేగంలో ఉంది. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో బంతి వదిలే క్షణంలో మోచేయి లోపలివైపు విపరీతమైన లాగుడు పడుతుంది. అక్కడ పై ఎముకనూ కింది ఎముకనూ పట్టి ఉంచే చిన్న పట్టీ లాంటి లిగమెంట్ ఉంటుంది. చుట్టూ ఉన్న కండరాలు భారం పంచుకోకపోతే ఒక్క బంతికే అది తెగిపోయేంత ఒత్తిడి అది. ఒక మ్యాచ్‌లో పిచర్ దాదాపు వంద బంతులు వేస్తాడు. తాడు ఒక్కసారిగా తెగదు, పోగు పోగుగా అరుగుతుంది. ఇదీ అలాంటిదే.

ఇంతకీ ఏంటీ టామీ జాన్ సర్జరీ?

1974 వరకూ ఈ లిగమెంట్ తెగితే పిచర్ ఇంటికి వెళ్లాల్సిందే. ఆ ఏడాది సెప్టెంబర్‌లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ పిచర్ టామీ జాన్‌కు డాక్టర్ ఫ్రాంక్ జోబ్ కొత్త ఆపరేషన్ చేశారు. ఒంట్లోనే మరోచోటి నుంచి ఒక టెండన్ తీసి, మోచేతి ఎముకలకు రంధ్రాలు చేసి, వాటిలోంచి దాన్ని లిగమెంట్‌లా కట్టారు. మళ్లీ ఆడే అవకాశం వందలో ఒకటే అనుకున్నారు. టామీ జాన్ 1976లో తిరిగొచ్చి 1989 వరకూ ఆడాడు. మొత్తం 288 విజయాల్లో 164 సర్జరీ తర్వాతే! అందుకే డాక్టర్ పేరు కాకుండా పేషెంట్ పేరే ఆపరేషన్‌కు స్థిరపడిపోయింది.

ఇప్పుడు మేజర్ లీగ్ పిచర్లలో దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరికి ఈ సర్జరీ అయి ఉంటుంది. ఐదుగురిలో నలుగురికి పైగా మళ్లీ మైదానంలోకి వస్తున్నారు. కాకపోతే 12 నుంచి 18 నెలలు పడుతుంది. రెండోసారి చేయాల్సి వస్తే అవకాశాలు తగ్గుతాయి. సర్జరీ అయితే బంతి వేగం పెరుగుతుందని అమెరికాలో కొందరు తల్లిదండ్రులు నమ్ముతారు. అది వట్టి అపోహ. వేగం పెరిగితే అది ఏడాది పాటు ఒళ్లొంచి చేసిన వ్యాయామం వల్ల, కొత్త టెండన్ వల్ల కాదు.

ఒక్క మెడికల్ రిపోర్ట్.. 60 లక్షల డాలర్లు

ఇక కుమార్ రాకర్ సంగతి. తల్లి లలిత భారత్ నుంచి అమెరికా వలస వెళ్లిన కుటుంబం బిడ్డ. తండ్రి ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరున్న ఆటగాడు, కోచ్. కుమార్ 2019 జూన్‌లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ తరఫున డ్యూక్‌పై ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 19 మందిని స్ట్రైకౌట్ చేశాడు. అప్పటికి అతనికి 19 ఏళ్లే. ఆ ఏడాది వాండర్‌బిల్ట్ కాలేజ్ వరల్డ్ సిరీస్ గెలిచింది.

2021 జూలై డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ మెట్స్ అతన్ని 10వ ఆటగాడిగా ఎంచుకుంది. ఆ స్థానానికి లెక్క ప్రకారం వచ్చేది సుమారు 47 లక్షల డాలర్లు. అయినా 60 లక్షలకు మాట కుదిరింది. ఆ తర్వాత వైద్య పరీక్షలు జరిగాయి. చేతి రిపోర్టులు చూసిన మెట్స్ వెనక్కి తగ్గింది. కుర్రాడు ఆరోగ్యంగానే ఉన్నాడని ఏజెంట్ స్కాట్ బోరాస్ గట్టిగా వాదించినా గడువు దాటిపోయింది, సంతకం జరగలేదు. మెట్స్‌కు పెద్ద నష్టం లేదు, పరిహారంగా మరుసటి ఏడాది డ్రాఫ్ట్‌లో 11వ స్థానం దక్కింది. కుమార్‌కు మాత్రం ఏడాది పోయింది. ఈ రూల్ ఎవరి వైపు మొగ్గుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఆ సెప్టెంబర్‌లో అతని భుజానికి చిన్న సర్జరీ అయింది. 2022 వేసవిలో మేజర్ లీగ్ జట్లకు అనుబంధం కాని ఫ్రాంటియర్ లీగ్‌లో ఆడి చేయి బాగుందని చూపించుకున్నాడు. అదే జూలైలో టెక్సాస్ రేంజర్స్ అతన్ని ఏకంగా 3వ ఆటగాడిగా తీసుకుంది. అందరూ ఆశ్చర్యపోయారు. కానీ డబ్బు దగ్గర చూడండి. 3వ స్థానం విలువ దాదాపు 76 లక్షల డాలర్లు, ఒప్పందం కుదిరింది 52 లక్షలకు. స్థానం పెరిగింది, రేటు తగ్గింది. ఆ మధ్యలో పోయిన 24 లక్షలను అనుమానం ఖరీదు అనుకోవచ్చు.

2023 మేలో మోచేయి లిగమెంట్‌కు టామీ జాన్ సర్జరీ తప్పలేదు. అయితే మెట్స్ చెప్పిందే నిజమైందా? అంత తేలిగ్గా తీర్పు ఇవ్వలేం. అంత వేగంతో బంతులు విసిరే ఏ కుర్రాడి స్కాన్ తీసినా ఏదో ఒక అరుగుదల కనిపిస్తుంది. రేంజర్స్ ఓపిక పట్టింది. 2024 సెప్టెంబర్ 12న సియాటిల్‌పై కుమార్ మేజర్ లీగ్‌లో అడుగుపెట్టి, 4 ఇన్నింగ్స్‌లో ఏడుగురిని స్ట్రైకౌట్ చేశాడు. 2025 మాత్రం కలిసిరాలేదు. భుజం ఇబ్బంది పెట్టింది, ఫామ్ తప్పింది.

ట్రేడ్‌లో చేయి చూసే కొంటారు

బేస్‌బాల్‌లో జట్లు ఆటగాళ్లను మార్చుకునేటప్పుడు మెడికల్ ఫైల్ కూడా చేతులు మారుతుంది. సంతలో ఎద్దును కొనేముందు పళ్లు చూసినట్టే. ఫైల్ దాస్తే ఏమవుతుందో 2016లో శాన్ డియాగో పాడ్రెస్‌కు తెలిసొచ్చింది. ఆ జూలైలో కోలిన్ రే అనే పిచర్‌ను మయామీకి పంపితే, మొదటి మ్యాచ్‌లోనే మోచేయి పట్టేసింది. రెండు రోజుల్లో మయామీ అతన్ని వెనక్కి పంపి, బదులుగా తాము ఇచ్చిన లూయిస్ కాస్టియో అనే కుర్రాడిని తిరిగి తీసుకుంది. ఆ కాస్టియో తర్వాత పెద్ద స్టార్ అయ్యాడు. అదే నెలలో బోస్టన్‌తో జరిగిన మరో ట్రేడ్‌లో వైద్య వివరాలు పూర్తిగా ఇవ్వలేదని తేలడంతో పాడ్రెస్ జనరల్ మేనేజర్ ఏజే ప్రెల్లర్‌పై 30 రోజుల సస్పెన్షన్ పడింది.

అలాగని సర్జరీ అయినవాడిని ఎవరూ కొనరనుకుంటే పొరపాటు. 2024 ఏప్రిల్‌లో సర్జరీ అయిన షేన్ బీబర్‌ను 2025 జూలై ఆఖరి రోజున టొరంటో తీసుకుంది. సర్జరీ తర్వాత అప్పటికి అతను మేజర్ లీగ్‌లో ఒక్క బంతి కూడా వేయలేదు, ఇంకా కోలుకుంటూనే ఉన్నాడు. మూడు నెలలు తిరగకుండా వరల్డ్ సిరీస్ ఆడాడు. నేథన్ ఎవాల్డీకి హైస్కూల్‌లోనే ఒక సర్జరీ, 2016లో రెండోది. 2017లో సుమారు 20 లక్షల డాలర్లకు టాంపా బేలో చేరి ఆ సీజనంతా కూర్చున్నాడు. 2018 చివర్లో బోస్టన్ నాలుగేళ్లకు 6.8 కోట్ల డాలర్లు ఇచ్చింది!

అంటే ధర నిర్ణయించేది కుట్ల గుర్తు కాదు. వయసెంత, సర్జరీ మొదటిదా రెండోదా, కోలుకున్నాక ఒప్పందంలో ఎంత కాలం మిగులుతుంది.. కొనేవాళ్లు వేసుకునే లెక్క ఇది. ఒక్క ఏడాదే మిగిలిన పిచర్‌కు ఇవాళ లిగమెంట్ తెగితే ఆ జట్టు చేతిలో ట్రేడ్ విలువ దాదాపు సున్నా. అదే నాలుగేళ్లు మిగిలి ఉంటే ఎదురుచూసేవాళ్లు దొరుకుతారు. షోహీ ఒటాని సంగతి వేరు. రెండో మోచేయి సర్జరీ అయిన కొన్ని నెలలకే, 2023 డిసెంబర్‌లో డాడ్జర్స్ అతనికి 70 కోట్ల డాలర్లు రాసిచ్చింది. బంతి విసరలేకపోయినా బ్యాట్ ఉంది కాబట్టి!

మన ఐపీఎల్‌లోనూ ఇదే లెక్క. మోచేయి సర్జరీలతో 2022 సీజన్ ఆడలేడని తెలిసే జోఫ్రా ఆర్చర్‌ను ముంబై ఇండియన్స్ 8 కోట్లకు కొంది. 2023లో అతను ఆడింది 5 మ్యాచ్‌లే, ముంబై వదిలేసింది. 2024 నవంబర్ వేలంలో రాజస్థాన్ రాయల్స్ 12.5 కోట్లు పెట్టింది.

మరి పిల్లల సంగతి?

మేజర్ లీగ్ 2024 డిసెంబర్‌లో విడుదల చేసిన నివేదిక ప్రకారం ఫాస్ట్‌బాల్ సగటు వేగం 2008లో గంటకు 147 కిలోమీటర్ల దగ్గర ఉండేది, 2024లో దాదాపు 152కి చేరింది. మేజర్, మైనర్ లీగ్‌లు కలిపి టామీ జాన్ సర్జరీలు 2010లో 104 అయితే 2024లో 281. ఆ వేగం మోజు స్కూళ్లకూ దిగింది.

ఏడాదికి 100 ఇన్నింగ్స్‌కు మించి వేసిన పిల్లలకు పెద్ద గాయమయ్యే ముప్పు మూడున్నర రెట్లు ఎక్కువని పదేళ్లు సాగిన ఓ అమెరికన్ అధ్యయనం తేల్చింది. అందుకే అక్కడ పిచ్ స్మార్ట్ పేరుతో 2014 నుంచి పరిమితులు అమల్లోకి తెచ్చారు. 9-10 ఏళ్ల పిల్లలు రోజుకు 75 బంతులు, 11-12 ఏళ్లకు 85, 13-14 ఏళ్లకు 95. అంతకు మించకూడదు. ఆ తర్వాత విశ్రాంతి రోజులు, ఏడాదిలో కొన్ని నెలలు బంతే ముట్టని విరామం. రెండు మూడు టీమ్‌లకు ఆడే పిల్లాడి లెక్క ఏ ఒక్క కోచ్ దగ్గరా పూర్తిగా ఉండదు కాబట్టి, అది ఇంట్లోవాళ్లే రాసిపెట్టుకోవాలి.

కళింగపట్నం బీచ్‌లో టెన్నిస్ బంతితో ఫాస్ట్ బౌలింగ్ చేసే కుర్రాళ్లకు ప్రమాదం ఎక్కువగా నడుముకు, భుజానికి. బౌలింగ్‌లో చేయి మడవరు కాబట్టి మోచేయిపై ఆ రకం లాగుడు తక్కువ. బౌండరీ నుంచి బలంగా త్రో విసిరేటప్పుడు మాత్రం అదే లిగమెంట్‌పై భారం పడుతుంది. బంతి విసిరిన ప్రతిసారీ మోచేయి లోపలివైపు నొప్పి, చిటికెన వేలు తిమ్మిరి, చేయి పూర్తిగా చాచలేకపోవడం కనిపిస్తే నూనె రాసి మర్నాడు మళ్లీ ఆడించకుండా, విసరడం ఆపించి ఎముకల డాక్టర్‌కు చూపించాలి.