ఖండగతిని కంప్యూటరుపై వ్రాయుట

మా పాఠశాలలో వయొలిను, కీబోర్డు నేర్చుచున్న పిల్లల తల్లిదండ్రులు కొందరు మమ్ము ఒకే ప్రశ్న అడుగుచున్నారు. ఇంట తాళము తప్పక పాడు పిల్లలు అదే వరుసను కంప్యూటరుపై స్టాఫు స్వరలిపిలో వ్రాసి వినిపించినపుడు తాళము తప్పుచున్నదేల? మేము సంగీత విద్వాంసులము కాము. అయినను మా ఉపాధ్యాయులతో కూర్చుండి గ్రహించినంత మేరకు విన్నవించుచున్నాము.

ఆదితాళమునకు 8 అక్షరములు. అక్షరమును నాలుగు సమభాగములు చేసిన చతురశ్రగతి, అనగా తకధిమి. మూడు చేసిన తిశ్రము, ఐదు చేసిన ఖండము, ఏడు మిశ్రము, తొమ్మిది సంకీర్ణము. స్టాఫు లిపి మాత్రము సగము, సగములో సగము చేయుటనే సహజముగా ఎరుగును. క్వార్టరు నోటులో నాలుగవ వంతు సిక్స్‌టీన్తు నోటు. ఐదవ వంతునకు అందు వేరు గుర్తు లేదు. కావున ఐదు సిక్స్‌టీన్తులు వ్రాసి పైన 5 అను అంకె వేయుదురు. నాలుగింటి కాలములో ఐదు పలుకవలెనని దాని భావము. ఇట్టి కూర్పునకు ట్యూప్లెట్టు అని పేరు.

ఆ అంకె లేక ఐదేసి స్వరములు వ్రాసినచో ఆవర్తనమునకు 40 స్వరములగును. నాలుగేసి చొప్పున అవి 10 అక్షరములు ఆక్రమించును. తాళము రెండక్షరములు పెరుగును! మరికొందరు పిల్లలు తెలివిగా మూడు సిక్స్‌టీన్తులకు అందులో సగము కాలము గల రెండు స్వరములను చేర్చి అక్షరమును నింపుదురు. లెక్క కుదురును గాని తకతకిట నడక పోవును. ఇదియే ఎక్కువ హానికరమని మా అభిప్రాయము, ఏలయన తాళము తప్పదు గనుక ఎవరును గమనింపరు.

వెల లేక లభించు మ్యూజ్‌స్కోరు అను సాధనములో పద్ధతి ఇది. ముందు మొత్తము కాలము చెప్పవలెను, పిదప భాగములు. అక్షరమంతకు సరిపడు క్వార్టరు విరామమును ఎన్నుకొని, కంట్రోలు మీటను అదిమిపట్టి 5 నొక్కినచో ఐదు సమస్థానములు ఏర్పడును. వానిలో స్వరములు నింపవలెను. ఏడునకు 7, తొమ్మిదికి 9. పిల్లలు సాధారణముగా చిన్న స్వరమునే ముందుగా ఎన్నుకొని నొక్కుదురు. అప్పుడు ఆ చిన్న స్వరమే ఐదు ముక్కలగును.

మూడక్షరములపై ఐదు స్వరములను సమముగా పరచవలసినచో, చుక్క గల హాఫు విరామమును ఎన్నుకొని, యాడ్ అను పట్టికలో ట్యూప్లెట్స్ క్రిందనున్న అదర్ అను దానిని తెరచి 5/3 అని నిష్పత్తి వ్రాయవలెను.

ఐదు కనబడిన చోటనెల్ల ట్యూప్లెట్టు వేయరాదు. ఖండచాపును 5/8 కొలతలో వ్రాసిన చాలును. ఖండజాతి త్రిపుటలో 5, 2, 2 కలిసి 9 అక్షరములు. అచట ఐదు లఘువు లెక్కయే గాని అక్షరమును విభజించు లెక్క కాదు. జాతికిని గతికిని గల ఈ భేదమును పిల్లలు గురువు నడిగి తెలిసికొన్న పిదపనే వ్రాయుట మంచిది.

ఈ తమిళదేశముననే సుబ్బరామ దీక్షితులవారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో ఎట్టయపురమున తెలుగు లిపిలో వెలువడినది. మన ఇండ్లలోను పెద్దలు తెలుగున వ్రాసికొన్న స్వరముల నోటుపుస్తకములు ఉన్నవి. పిల్లలు నేడు వానిని స్టాఫు లిపికి మార్చుచున్నారు. గతి చెడిన ప్రతి ఒకటి చేతులు మారినచో, పాట వినియెరుగని పిల్లలు దానినే అసలుగా నేర్తురు.

కంప్యూటరు తెలియని తల్లులు కూడ దీనిని పరీక్షింపగలరు. వేగమును నిమిషమునకు 60 దెబ్బలుగా ఉంచి వినిపింపుమనుడు. మీరు చేతితో తాళము వేయుచు ప్రతి దెబ్బకు తకతకిట అనుకొనుడు. మీ ఎనిమిదవ అక్షరముతో యంత్రము ఆవర్తనము ముగించినను, లోపలి ఐదును ఎగుడుదిగుడుగా వినబడినచో ఆ పుటను తిరిగి వ్రాయింపుడు.